చేతులు వెనక్కి

అక్క చేసిన చివరి పని ఒక పార్సిల్ విప్పడం. అమ్మకి తెప్పించిన చెప్పులు వచ్చాయి. ఉదయం పదిన్నర అయి ఉంటుంది. వంటగదిలో బల్ల మీద పాత పేపరు పరిచి, పెట్టెను దాని మీద పెట్టి, నాలుగు వైపులా తిప్పి చూసింది. టేపు వేసిన వైపు వదిలేసి, ఏమీ లేని పక్కన కత్తెరతో నిలువుగా కోసింది. అవతలివాళ్ళు వేసిన సీలు చెక్కుచెదరకూడదు, మనం విప్పిన చోటు మనదని తెలియాలి. అది ఆమె చదివిన చదువు నేర్పిన పద్ధతి. కోసిన చోట పెన్సిలుతో తేదీ వేసి, పొడి అక్షరాలతో సంతకం పెట్టింది.

"చెప్పుల పెట్టెకి కూడా పోస్టుమార్టమేనటే? తొందరగా విప్పవే తల్లీ, కాళ్ళు పెట్టి చూసుకుంటాను," అంది అమ్మ.

"రెండూ ఎడమకాలివే పంపారనుకో, ఎవరితో గొడవ పడతావు? అప్పుడు ఈ పెట్టే నీకు సాక్షి," అంది అక్క.

చెప్పులు సరిపోయాయి. అమ్మ వాటితో వరండా చివరిదాకా నడిచి వచ్చింది. గంట తర్వాత అక్క స్నానాల గదిలో పడిపోయింది. తలలో నరం చిట్లిందన్నారు. ఆసుపత్రికి చేరేసరికే ఊపిరి లేదు. నలభై మూడో ఏడు నడుస్తోంది తనకి. నాకంటే మూడేళ్ళు పెద్ద.

ఫోరెన్సిక్ సైన్సు చదివిందని చెబితే అందరూ తెల్లకోటు వేసుకుని పుట్టిన మనిషిని ఊహించుకుంటారు. అక్క ఆ కాలేజీలో అడుగు పెట్టేనాటికి ముప్ఫై రెండు దాటింది. అంతకు ముందు పదకొండేళ్ళు మార్కెట్టు వీధిలోని లాండ్రీలో మరకలు తీసే పని చేసింది. ముందు గదిలో కౌంటరు, వెనక గదిలో ఆవిరి ఇస్త్రీ బల్ల, రెండు పెద్ద యంత్రాలు, గోడ పొడుగునా మందు సీసాల అర. కిటికీ కింద చిన్న రాతి తొట్టి. ఆ తొట్టి దగ్గర స్టూలు వేసుకుని కూర్చునేది.

లాండ్రీ యజమానిని అక్క బాబాయ్ అనేది. ఆయనకి అంతుచిక్కని మరక ఏదైనా వస్తే బట్టను వెనక గదిలోకి పంపేవాడు.

"అమ్మాయ్, ఇది టీ అంటున్నారు, చూడు."

అక్క వాసన చూసి, గోటితో గీకి, వెలుతురుకి పట్టి చూసేది. "టీ ఏంటి బాబాయ్, దగ్గుమందు. ఇంట్లో చిన్నపిల్ల ఉంది. తాగనని చేయి విదిలించింది."

కౌంటరు అవతల నిలబడ్డావిడ నోరు వెళ్ళబెట్టేది. "మీకెవరు చెప్పారండీ?"

"మీ జాకెట్టే చెప్పింది."

నేను అప్పుడప్పుడూ సాయంత్రం వెళ్ళి ఆ స్టూలు పక్కన నిలబడి చూసేదాన్ని. అక్క చేతులు ఆమె కంటే ముందు నడిచేవి. నూనె మరకైతే చేయి సుద్దపొడి డబ్బా మీదకి పోయేది, సిరా అయితే స్పిరిటు మీదకి. రక్తం అయితే చన్నీళ్ళు. బట్టను తిరగేసి, వెనక నుంచి, అంచుల దగ్గర మొదలుపెట్టి మధ్యకి అద్దుతూ రావాలి. వేడినీళ్ళు తగిలితే రక్తం దారాల్లో కూరుకుపోతుంది, ఇక జన్మలో రాదు. అక్క నాతో ఏదో కబుర్లు చెబుతూనే ఇదంతా చేసేది. కబుర్లు పూర్తయ్యేసరికి మరక ఉండేది కాదు.

ఒక రోజు ఒకాయన లేత బూడిదరంగు కోటు తెచ్చాడు. కుడిచేతి అంచు మీద, జేబు మూత మీద రక్తం. ముక్కులోంచి కారిందన్నాడు. సాయంత్రానికి కోటు కొత్తదానిలా అయింది. ఆయన మురిసిపోయి తీసుకువెళ్ళాడు.

మూడు వారాల తర్వాత ఒక పోలీసు అధికారిణి ఆ కోటును కవరులో పెట్టుకుని లాండ్రీకి వచ్చింది. లోపలి వైపు లాండ్రీ చీటీ ఇంకా పిన్నుతో ఉంది. అక్కని ముందు గదిలోకి పిలిచారు.

"దీని మీద రక్తం ఉందా?"

"ఉందండీ. నేనే తీశాను."

"ఎలా ఉంది? చుక్కలు చుక్కలుగానా, పూసినట్టా? పై నుంచి పడినట్టుందా, పక్క నుంచి చిందినట్టుందా?"

అక్క చాలాసేపు ఆలోచించిందట. దగ్గుమందు ఒలికిన తీరును బట్టి పిల్ల చేయి విదిలించిందని చెప్పగలిగిన మనిషికి ఆ కోటు మీద మరక ఏ ఆకారంలో ఉందో గుర్తు రాలేదు. రక్తం అనగానే చేయి నీళ్ళలోకి వెళ్ళిపోయింది. ఇక చూసిందెక్కడ?

"చూడలేదండీ. పోగొట్టడమే చూసుకున్నాను," అంది.

"బాగానే పోగొట్టారు. మా ల్యాబు వాళ్ళకి కూడా ఏమీ దొరకలేదు," అని ఆవిడ కోటు మడిచి కవరులో పెట్టుకుంది. కోపంగా అనలేదట. ఇంటికొచ్చి ఈ సంగతి చెబుతూ, "తిట్టినా బాగుండేదే," అంది అక్క. ఆ కేసు ఏమైందో, దెబ్బ తిన్నది ఎవరో మాకు ఎప్పటికీ తెలియలేదు.

ఆ నెలలోనే నన్ను అడిగింది: "ల్యాబు అన్నదే ఆవిడ. దాన్లో పని చేయాలంటే ఏం చదవాలో కనుక్కుని పెట్టవే."

కనుక్కున్నాను. మూడేళ్ళ డిగ్రీ. చేరడానికి కావలసిన సైన్సు చదువు అక్కకి ముందే ఉంది. చిక్కల్లా వయసుతోనే. ప్రభుత్వ ల్యాబులో ఉద్యోగానికి ఏడాదికి ఒకసారి ప్రకటన వేస్తారు, ముప్ఫై ఆరు దాటినవాళ్ళను తీసుకోరు. లెక్క వేస్తే మూడేళ్ళ చదువు ముగిసేనాటికి అక్కకి ముప్ఫై అయిదున్నర. ఒక్క ప్రకటనకి మాత్రం అందుతుంది. మధ్యలో ఒక్క ఏడాది తప్పినా ఆ తలుపు మూసుకున్నట్టే.

"అయితే తప్పకూడదు. అంతే కదా," అంది అక్క, గిన్నెలు తుడుస్తూ.

మొదటిరోజు క్లాసులోకి వెళ్ళగానే పిల్లలంతా లేచి నిలబడి "గుడ్ మార్నింగ్ మేడమ్" అన్నారట. అక్క "కూర్చోండి కూర్చోండి" అని వెళ్ళి వెనక బెంచీలో కూర్చుంది. ఆ తర్వాత అసలు లెక్చరరు వస్తే ఒక్కరూ లేవలేదు. కోర్సు ముగిసేదాకా అక్కని 'వెనక బెంచీ మేడమ్' అనే పిలిచారు. ఎవరికైనా చొక్కా మీద ఆమ్లం పడితే, కూర ఒలికితే అక్క దగ్గరికే పరుగు.

"మీ అమ్మ దగ్గరికి పోవచ్చుగా?" అనేది.

"మా అమ్మ తిట్టి ఉతుకుతుంది మేడమ్. మీరు ఉతికి తిడతారు."

చదువు ఇంట్లోకి కూడా వచ్చింది. గాజు గ్లాసుల మీద నల్లపొడి చల్లి మా వేలిముద్రలన్నీ తీసింది. "నా ఇంట్లో నేనే దొంగనైపోయాను," అని అమ్మ గొణిగింది గానీ, తన బొటనవేలి గీతలు సుడి తిరిగి ఉన్నాయని అక్క చెప్పాక వచ్చినవాళ్ళందరికీ ఆ వేలు చూపించేది. పెరట్లో బురదలో నా అడుగును ప్లాస్టరుతో పోత పోసి, నేను ఎడమ కాలు కొంచెం ఈడుస్తానని కనిపెట్టింది. మైక్రోస్కోపు కింద దారాలు చూడడంలో ఆమెను మించినవాళ్ళు లేరు. నూలు పోగు మెలితిరిగిన రిబ్బనులా ఉంటుందని, ఉన్ని పోగుకి చేప పొలుసుల్లాంటివి ఉంటాయని చిన్నపిల్లలా వచ్చి చెప్పేది. కెమిస్ట్రీ మాత్రం కొరుకుడు పడేది కాదు. నేను కూరగాయలు తరుగుతూ సమీకరణాలు అడిగేదాన్ని. అక్క ఎదురుగా కూర్చుని ఒప్పజెప్పేది. తప్పు చెబితే అమ్మ కూడా "ఊహూఁ, మళ్ళీ," అనేది. అమ్మకి అందులో అక్షరం ముక్క అర్థమయ్యేది కాదు, నా మొహం చూసి చెప్పేది.

రెండేళ్ళు ఎక్కడా తడబడకుండా గడిచాయి. మూడో ఏడు చివర ప్రాక్టికల్ పరీక్ష.

బయటి కాలేజీ నుంచి ఒక గడ్డం ఆయన పరీక్షకుడిగా వచ్చాడు. ఒక్కొక్కరికి మూడు నమూనాలు. మొదట పగిలిన గాజు, తర్వాత చేతిరాత. ఆ రెండూ అక్క బాగా చేసింది. మూడోది కాగితం కవరులో మడతపెట్టిన దిండు గలీబు ముక్క, దాని మీద గోధుమరంగు మరక. చేయవలసిన పని స్పష్టంగా రాసి ఉంది. ముందు ఉన్నదున్నట్టు ఫోటో తీయాలి, కొలవాలి, బొమ్మ గీయాలి. ఆ తర్వాతే మరక అంచు నుంచి ఒక్క దారం తీసి అది రక్తమో కాదో చూడాలి.

అక్క కవరు విప్పింది. గుడ్డను బల్ల మీద పరిచింది. బల్ల పక్కనే తొట్టి, కుళాయి. తర్వాత ఏం జరిగిందో తను మాకు చాలాసార్లు చెప్పింది గానీ ప్రతిసారీ అక్కడికొచ్చేసరికి చేతులు చూసుకునేది. గుడ్డను తిరగేసిందట. దూదిని చన్నీళ్ళలో ముంచి, వెనక నుంచి, అంచుల దగ్గర మొదలుపెట్టి మధ్యకి అద్దుకుంటూ వచ్చిందట. కింద తెల్లటి ట్రేలో నీళ్ళు గులాబీరంగులోకి మారడం చూసి తెలివిలోకి వచ్చింది. అప్పటికి అర నిమిషం కూడా అయి ఉండదు. లాండ్రీలో అయితే శభాష్ అనేవాళ్ళు. పదకొండేళ్ళ అలవాటు మూడేళ్ళ చదువును పక్కకి నెట్టేసింది.

ల్యాబులో నమూనాలు అందించే ముసలాయన అది చూశాడు. అక్క అంటే ఆయనకి అభిమానం. పక్కకి వచ్చి, గొంతు తగ్గించి, "అమ్మా, అదే గుడ్డలోది ఇంకో ముక్క బీరువాలో ఉంది. ఆయన అటు తిరిగి ఉన్నాడు, తెచ్చిస్తాను," అన్నాడు.

"వద్దు తాతా," అంది అక్క.

జవాబు కాగితంలో ఇలా రాసింది: 'ఫోటో తీయకముందే నమూనాను చన్నీళ్ళతో అద్దాను. మరక ఆకారం పోయింది. ఈ తప్పు నాది.' పక్కన టైము వేసింది. ఆ తర్వాత ట్రేలోని నీళ్ళనే పరీక్ష చేసి, అది రక్తమేనని తేలినట్టు రాసి, కాగితం ఇచ్చేసి వచ్చింది.

ఆ సాయంత్రం నేను ఊరుకోలేదు. "ఇస్తానన్న ముక్క తీసుకోవడానికి నీకేం రోగం? ఎవరిని చంపుతున్నావు? గుడ్డపీలిక అది!"

"తీసుకుంటే దాన్ని కూడా ఉతికేదాన్నేమోనే," అంది.

పరిహాసమాడుతోందేమోనని మొహంలోకి చూశాను. తను నవ్వడం లేదు.

ఫలితాలు వచ్చిన రోజు నేను కూడా వస్తానంటే వద్దంది. ఒక్కతే వెళ్ళింది. మధ్యాహ్నం రెండు దాటాక వచ్చి, చెప్పులు విడిచి, గడప దగ్గరే నిలబడి, "ప్రాక్టికల్ మళ్ళీ చేయాలి. వచ్చే ఏడాది వాళ్ళతో," అంది. అమ్మ నా వైపు చూసింది. ముగ్గురికీ లెక్క తెలుసు. వచ్చే ఏడాదికి ముప్ఫై ఆరు దాటిపోతుంది.

నాకు ఆ గడ్డం పరీక్షకుడి మీద పట్టరాని కోపం వచ్చింది. తప్పును తానే రాసి ఇచ్చిన మనిషిని, మిగతా రెండూ నిక్షేపంగా చేసిన మనిషిని, నీళ్ళను పరీక్షించి జవాబు తేల్చిన మనిషిని పాస్ చేయడానికి ఆయన సొమ్మేం పోయింది? అలాగే రాసి ప్రిన్సిపాల్‌కి ఉత్తరం తయారు చేశాను. అక్క చదివి, "భాష బాగుంది," అని నాలుగు మడతలు పెట్టి తన పుస్తకంలో పెట్టేసుకుంది. "ఆయన తప్పేం లేదే. ఆయన్నేమీ అనకు." నేను అనడం మానలేదు. ఆమె వినకుండా అన్నాను, అంతే. ఆయనకి నేను పెట్టిన పేర్లు ఇక్కడ రాయదగ్గవి కావు. ఒకసారి ఏదో ప్రదర్శనలో ఆయన ఎదురుపడి, పరీక్ష రోజు కాలేజీ గేటు దగ్గర అక్కతో చూసిన నన్ను గుర్తుపట్టి, "మీ అక్కగారు కులాసానా?" అని అడిగితే వినబడనట్టు పక్కకి తిరిగి వెళ్ళిపోయాను.

ఆ ఏడాదంతా అక్క తన చేతులకి చదువు చెప్పింది. మానేసిన లాండ్రీకే ఆదివారాలు వెళ్ళి, వచ్చిన ప్రతి మరక ముందూ చేతులు వెనక్కి కట్టుకుని నిలబడేది. రెండు నిమిషాలు గడియారం చూసుకుని, మరక ఎటు నుంచి పడింది, ఎంత ఎత్తు నుంచి పడింది, మొదటి చుక్క ఏది అని గొణుక్కునేది. బాబాయ్ తల పట్టుకునేవాడు. "అమ్మాయ్, బట్టలు తీసుకునేది శుభ్రం చేయడానికి, దర్శనానికి కాదు!" ఇంట్లో పాలు ఒలికినా అంతే. అమ్మ గుడ్డ పట్టుకుని పక్కన కాచుకునేది. "అయిందా? నువ్వలా గుడ్లప్పగించి చూస్తే అవే సిగ్గుపడి గిన్నెలోకి పోతాయా?"

మరుసటి ఏడు పరీక్షలో ఆమెకే అందరికంటే ఎక్కువ మార్కులు వచ్చాయి. ఆరు వారాలకి ల్యాబు ఉద్యోగాల ప్రకటన పడింది. వయసు దగ్గర ఎవరికీ ఏ మినహాయింపూ లేదు. అక్క ప్రకటన మొత్తం చదివి, క్లాసులో తన పక్కన కూర్చున్న పిల్లకి ఫోను చేసి, "ఆఖరు తేదీ గుర్తుందా? నువ్వసలే బద్ధకం మనిషివి," అని చెప్పింది. ఆ పూట కాసేపు పెరట్లో ఒక్కతే కూర్చుంది. మేము పిలవలేదు.

నమూనాలు అందించే ముసలాయన ఆ వేసవిలో పని మానేశాడు. ఆ పనికి అక్కని తీసుకున్నారు. ఆరేళ్ళు చేసింది. పిల్లల పరీక్షల కోసం మరకలు తయారు చేయడం, కవర్లలో పెట్టి సీలు వేయడం, మైక్రోస్కోపులు తుడవడం. జీతం, హోదా లాండ్రీ కంటే పెద్ద గొప్పవేం కావు. అయితే ఒక నియమం పెట్టింది: నమూనా విప్పిన ఎవరైనా రెండు నిమిషాలు చేతులు వెనక్కి కట్టుకుని నిలబడాలి. లెక్చరర్లు కూడా. పిల్లలు 'చేతులక్క' అని పేరు పెట్టారు. పిల్లలు ఆమెను చూడగానే కారిడార్లోనే చేతులు వెనక్కి పెట్టుకుని నడిచేవారు. "వేషాలెయ్యకండిరా," అనేది గానీ మొహంలో నవ్వు దాగేది కాదు. ఆ ఆరేళ్ళలో తొమ్మిది మంది ప్రభుత్వ ల్యాబుకి వెళ్ళారు. సెలవులకి వస్తే ముందు అక్క గదిలోకి వచ్చి, ఆ తర్వాతే స్టాఫు రూముకి వెళ్ళేవారు.

తను సంతోషంగా ఉందా అని నేను ఎప్పుడూ అడగలేదు. అడగడానికి భయపడ్డాను. ఒక్క గుడ్డపీలిక వల్ల, దయలేని ఒక మనిషి వల్ల తన జీవితం పక్కదారి పట్టిందని నేనే అనుకుని, నేనే బాధపడుతూ వచ్చాను.

అక్క పోయిన రెండు నెలలకి కాలేజీ నుంచి ఫోను వచ్చింది. అక్క బల్లలోని వస్తువులు, ఆఫీసులో మిగిలిన ఆమె సర్టిఫికెట్లు తీసుకువెళ్ళమన్నారు. అప్పట్లో పాఠం చెప్పిన లెక్చరరే ఇప్పుడు విభాగానికి పెద్ద. తన గదిలో కూర్చోబెట్టి, టీ తెప్పించి, ఫైలు నా ముందు పెట్టి, "సరిచూసుకో అమ్మా," అన్నారు.

మూడో సంవత్సరం ప్రాక్టికల్‌కి రెండు మార్కుల కాగితాలున్నాయి. రెండోది నాకు తెలుసు. మొదటి దాని మీద అడ్డంగా 'రద్దు' అని ముద్ర వేసి ఉంది. దానికి గుండుసూదితో గుచ్చి అక్క చేతిరాతలో ఒక దరఖాస్తు.

"ఇదేంటి సార్?"

ఆయన కళ్ళజోడు సవరించుకుని చూశారు. "మీకు చెప్పలేదా? ఫలితాలు వచ్చిన రోజే రాసిచ్చింది. ఈ మార్కులు వద్దు, రద్దు చేయండి, మళ్ళీ పరీక్షకి కూర్చుంటాను అని. అలా అడిగే వీలు ఉంది కానీ ఎవరూ అడగరు. వయసు సంగతి నేను గుర్తు చేశాను. రెండు గంటలు కూర్చోబెట్టి చెప్పాను. 'తెలుసు సార్' అంది. 'రేపు ల్యాబులో నాకు రెండో ముక్క ఎవరిస్తారు?' అంది. నేనింకేం మాట్లాడను?"

కాగితం నా వైపు తిప్పుకున్నాను. కింద గడ్డం ఆయన సంతకం ఉంది. పాసవడానికి నలభై చాలు. ఆయన అక్కకి నలభై ఆరు వేశాడు.